సిటీ ప్లాన్‌లో సాగుకి చోటు పెట్టడం ఎలా

ముందు సిటీ మ్యాప్ తీసుకుని ఖాళీ ప్లాట్లు, స్కూల్ ఆవరణలు, గవర్నమెంట్ బిల్డింగుల టెర్రస్‌లు అన్నీ మార్క్ చేయండి, వాటిలో రోజుకి కనీసం 6 గంటలు ఎండ పడేవి, నీళ్లు దగ్గర్లో ఉన్నవి మాత్రమే ఉంచండి, మిగతావి పార్కులకే బెటర్.

తర్వాత మట్టి టెస్ట్. ఇది స్కిప్ చేయొద్దు ప్లీజ్. పాత రోడ్ల పక్కన, పాత పెయింట్ రాలిన గోడల దగ్గర సీసం ఉండొచ్చు, ఎక్కువగా తేలితే బయట నుంచి శుభ్రమైన మట్టి తెచ్చి ఎత్తుమడులు కట్టాలి. టెర్రస్ అయితే బరువు సంగతి చూడాలి, తడిసిన మట్టి 15 సెం.మీ. మందం వేస్తేనే చదరపు మీటరుకి దాదాపు 250 కిలోలు పడుతుంది, కాబట్టి ఇంజినీర్ ఓకే అన్నాకే పైకి ఎక్కించండి (వాటర్‌ప్రూఫింగ్ గురించి కూడా అప్పుడే అడిగేయండి).

అసలు చిక్కంతా భూమి దగ్గరే. ఏడాది లీజు ఇస్తే మట్టిని ఎవరు బాగుచేస్తారు చెప్పండి? నా లెక్కలో కనీసం 5 ఏళ్లు ఇవ్వాలి, జోనింగ్ రూల్స్‌లో (ఏ స్థలాన్ని దేనికి వాడొచ్చో చెప్పే సిటీ రూల్స్) సాగు చేసుకోవచ్చు, పండింది అక్కడే అమ్ముకోవచ్చు అని క్లియర్‌గా రాయాలి. కెనడాలోని టొరంటో సిటీ 2009లో పెద్ద కొత్త బిల్డింగులకి గ్రీన్ రూఫ్ (మొక్కలు పెంచే పైకప్పు) తప్పనిసరి చేస్తూ రూల్ తెచ్చింది, అలా కాగితం మీద ఉంటేనే బిల్డర్లు కదులుతారు.

తడి చెత్త కంపోస్ట్, వాన నీళ్ల ట్యాంకు కూడా అదే ప్లాన్‌లో కలిపేయండి, తర్వాత చూద్దాం అంటే వాటికి జాగా దొరకదు.