ఘాట్ రోడ్డు సైకిల్ రేసులో చలి, తుంపర, పొగమంచు: ఏ ఇబ్బందికి ఏది కారణం, ఏం చేయాలి

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందన్న సామెత సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేవరకే చెల్లుతుంది. పొట్టంగి, సిమిలిగుడ, సునాబెడ, కోరాపుట్‌ల మీదుగా సాగే ఒడిశా ఎగువ నేల మీద ఫాల్గుణంలో కూడా తెల్లవారుజామున పొగమంచు కమ్ముతుంది. మార్చి వచ్చేసరికి దానికి తోడు మధ్యాహ్నపు ఉరుముల వానలు మొదలవుతాయి. ఈ రోజుల్లో రేసులో వెనకబడిన మన కుర్రవాళ్ళు కాళ్ళలో సత్తువ చాలలేదని చెప్పుకుంటారు గాని, చాలాసార్లు తప్పు కాళ్ళది కాదు. వేళ్ళకు పట్టిన చలో, రిమ్ము మీద నిలిచిన నీరో, టైరులో దిగిన రాతి ముక్కో అసలు కారణమై ఉంటుంది.

దిగుడులో వేళ్ళు మొద్దుబారి బ్రేకు అందడం లేదు

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. ఎక్కేటప్పుడు పట్టిన చెమటతో జెర్సీ తడిసి ఉంటుంది. దిగేటప్పుడు తొక్కే పని లేక ఒంట్లో వేడి పుట్టదు, పైగా గాలి ఎదురుగా కొడుతుంది. 10 డిగ్రీల చలిలో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో దిగుతుంటే చర్మానికి అది 6 డిగ్రీల చలిలా తగులుతుంది, బట్ట తడిగా ఉంటే ఇంకా ఎక్కువ. గుండె, ఊపిరితిత్తులు ఉన్న మొండెం చల్లబడకుండా కాపాడుకోవడానికి శరీరం వేళ్ళకు వెళ్ళే రక్తాన్ని తగ్గించుకుంటుంది. అందుకే ఎంత మంచి గ్లౌజులు తొడిగినా, ఛాతీ చల్లబడితే వేళ్ళు వెచ్చబడవు.

కాబట్టి మందు ఛాతీ దగ్గర మొదలు కావాలి. ఘాట్ పైకి చేరగానే, దిగుడు మొదలయ్యేలోపు, ఒక దినపత్రికను మడిచి జెర్సీ లోపల ఛాతీకి ఆనించుకోవడం యూరప్ రేసర్లు ఎన్నో ఏళ్ళుగా పాటిస్తున్న పద్ధతి. దానికి పైసా ఖర్చు లేదు. రెండో జత గ్లౌజులను పాలిథిన్ సంచిలో కట్టి వెనక జేబులో ఉంచుకోవాలి. ఉన్ని గ్లౌజుల లోపల డాక్టర్లు వాడే పలుచని రబ్బరు గ్లౌజులు తొడిగితే గాలి కోత బాగా తగ్గుతుంది. దిగుతున్నంతసేపూ కాళ్ళు తేలికగా ఆడిస్తూ, వేళ్ళు ముడిచి తెరుస్తూ ఉండాలి. మలుపుల వరుస మొదలయ్యే ముందు బొటనవేలిని చిటికెనవేలికి తాకించి చూసుకోవాలి, అది కుదరకపోతే బ్రేకు లీవరు కూడా సరిగా అందదు, అక్కడే ఆగిపోవాలి. వణుకు దానంతట అదే ఆగి మాట తడబడడం మొదలైతే పరిస్థితి రేసు దాటిపోయిందని అర్థం. అప్పుడు తడిబట్టలు విప్పించి, పొడి దుప్పటి కప్పి, స్పృహలో ఉంటే తియ్యటి వేడి టీ తాగించి, ఆసుపత్రికి చేర్చాలి. చేతులు గట్టిగా రుద్దడం, మద్యం పట్టించడం రెండూ హాని చేస్తాయి. 1980లో మంచు కురుస్తుండగా బెల్జియంలోని లీజ్-బాస్టోన్-లీజ్ రేసు గెలిచిన ఫ్రెంచి సైక్లిస్టు బెర్నార్డ్ ఇనో అంతటివాడికే ఆనాటి చలి కుడిచేతి వేళ్ళలో శాశ్వతంగా మిగిలిపోయింది.

బ్రేకు ముందు పట్టదు, తరువాత ఒక్కసారిగా బిగుస్తుంది

రిమ్ బ్రేకు (చక్రపు అంచును రబ్బరు ప్యాడ్లతో నొక్కి పట్టేది) ఉన్న సైకిళ్ళలో ప్యాడ్లు ముందు రిమ్ము మీది నీటిని తుడవాలి, ఆ తరువాతే పట్టు దొరుకుతుంది. ఈలోగా కంగారుపడి లీవరును బలంగా నొక్కినవాడికి, నీరు తుడుచుకుపోయిన క్షణాన చక్రం బిగిసిపోతుంది. మలుపు రాకముందే ప్యాడ్లను రిమ్ముకు తేలికగా తాకించి నీరు తుడిచేసుకోవాలి, వేగం తగ్గించడమంతా తిన్నటి రోడ్డు మీదే పూర్తి కావాలి. రేసు ముందురోజు ప్యాడ్లు విప్పి చూస్తే వాటిలో మెరిసే అల్యూమినియం రవ్వలు గుచ్చుకుని ఉంటాయి, వాటిని పిన్నీసుతో పెకలించకపోతే రిమ్మును అవే కోసేస్తాయి. చక్రం మధ్యనున్న లోహపు పళ్ళాన్ని పట్టే డిస్క్ బ్రేకు కీచుమని, రెండు మూడుసార్లు పట్టేసరికి మానితే అది నీటి చప్పుడే. మానకపోతే డిస్కుకు నూనె అంటిందన్నమాట. డిస్కును స్పిరిట్‌తో తుడవాలి, నూనె పీల్చిన ప్యాడ్లను మాత్రం మార్చక తప్పదు.

ఎక్కుడులో లేచి తొక్కితే వెనక చక్రం జారుతోంది

లేచి నిలబడగానే బరువు ముందుకు పోయి వెనక టైరుకు పట్టు తగ్గుతుంది. నెలల తరబడి ఎండిన రోడ్డు మీద పడిన తొలి వాన, లారీలు కార్చిన నూనెనూ దుమ్మునూ కలిపి జిడ్డు చేస్తుంది. మొదటి అరగంటే అన్నిటికన్నా చెడ్డది. ట్రాక్టర్లు మోసుకొచ్చిన ఎర్రమట్టి, చెట్ల కింద తెల్లవారకముందే రాలి చితికిన ఇప్పపూలు కూడా అలాంటివే. పూలు ఏరుకునేవాళ్ళు రోడ్డు అంచునే వంగి ఉంటారు గనుక అక్కడ నెమ్మదించడం మర్యాద కూడా. కూర్చునే తొక్కాలి, ఒక గేరు తేలిక చేసుకోవాలి, టైరు మీద అచ్చువేసిన కనీస పీడనం కంటే దిగకుండా గాలిని మామూలు కంటే 8-10 పీఎస్ఐ తగ్గించాలి.

పంచరు వేసిన కాసేపటికే మళ్ళీ గాలి దిగింది

నీరు రోడ్డు మీది పదునైన రాళ్ళను టైరుకు అంటిస్తుంది, తడి రబ్బరును రాయి సులభంగా కోస్తుంది. రెండోసారి గాలి దిగిందంటే మొదటి ముక్క ఇంకా టైరులోనే ఉందని అనుమానించాలి. ట్యూబు తీసేటప్పుడే దాని వాల్వు టైరు మీద ఏ అక్షరం దగ్గర ఉందో గుర్తుపెట్టుకుంటే, ట్యూబులో చిల్లు ఉన్న దూరాన్ని బట్టి టైరులో ముల్లు ఎక్కడుందో వెతుక్కోవచ్చు. మొద్దుబారిన వేళ్ళకు ముల్లు తెలియదు గనుక, గుడ్డపీలికతో లోపలంతా తుడవాలి, గుచ్చుకున్నచోట గుడ్డ పట్టేస్తుంది. చిల్లులు పక్కపక్కన రెండు ఉంటే ముల్లు కోసం వెతకడం దండగ, గాలి తక్కువై గుంతలో రిమ్ము నొక్కేసిందన్నమాట. టైరే చీలితే చిప్సు ప్యాకెట్టును నాలుగు మడతలు వేసి లోపల పెడితే ఇంటికి చేరవచ్చు.

చైను కిర్రుమంటోంది

పొడి వాతావరణానికి చేసిన పలుచని నూనె వానకు కొట్టుకుపోతుంది. తడికి తట్టుకునే చిక్కటి నూనె కొద్దిగా వేసి, పైపైన ఉన్నది తుడిచేయాలి. కొబ్బరినూనె వద్దు, 24 డిగ్రీల కిందకు వస్తే అది పేరుకుంటుంది.

ఆఖరి గంటలో ఒళ్ళు తూలిపోతోంది

చలిలో దాహం తెలియదు, ప్యాకెట్టు చింపడానికి వేళ్ళు రావు, అందుకే చాలామంది తినడం మానేస్తారు. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి, ఒక మోస్తరు అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటుంది. పల్లీ పట్టీలను ఇంట్లోనే ముక్కలు చేసి కాగితంలో వదులుగా చుట్టి తెచ్చుకోవాలి.

ఉరుములు మొదలయ్యాయి

దీనికి సైకిలులో చేయగలిగిన మరమ్మతు లేదు. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు కూడా లేకపోతే పిడుగు పది కిలోమీటర్లలోపే ఉందన్నమాట. చెట్టు కిందకు కాకుండా పక్కా ఇంట్లోకో మూసిన కారులోకో వెళ్ళి, ఆఖరి ఉరుము వినపడ్డాక అరగంట ఆగాలి. రేసు మధ్యలో ఆపితే పోటీ చెడుతుందని నిర్వాహకులు జంకుతారు గాని, 2013 మార్చి 17న ఇటలీలోని ప్రసిద్ధ మిలాన్-సాన్ రెమో రేసునే మంచు కారణంగా ఆపి, రేసర్లను బస్సులలో కనుమ దాటించి, అవతల మళ్ళీ మొదలుపెట్టారు. ఎక్కడ ఆపుతారో, ఆపినప్పుడు ముందున్నవారి ఆధిక్యాన్ని ఎలా లెక్కకడతారో పొద్దున బయలుదేరేముందే అందరికీ చెప్పి ఉంచితే సరిపోతుంది.