సీ డే నాటి పడక కుర్చీ: టవల్ పరిచే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

క్రూయిజ్ ప్రయాణానికి బయలుదేరేవారు పాస్‌పోర్టు, మందులు, వాంతుల మాత్రలు అన్నీ ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంటారు గానీ, పూల్ పక్కన పడక కుర్చీ దగ్గర తలెత్తే తగాదాకు మాత్రం ఎవరూ సిద్ధపడి వెళ్లరు. ఓడ రేవులో ఆగిన రోజున చాలామంది ఊరు చూడడానికి దిగిపోతారు కాబట్టి డెక్ మీద కుర్చీలకు కరువుండదు. ఏ రేవునూ తాకకుండా రోజంతా నడిసముద్రంలో సాగే రోజు, అంటే ప్రయాణికులు సీ డే అని పిలుచుకునే రోజు, సంగతి వేరు. ఆ రోజు దిగడానికి నేల ఉండదు. ఎండ కాసిందంటే అందరి కాళ్లూ పూల్ డెక్ వైపే దారితీస్తాయి. 2024 జనవరిలో ప్రయాణాలు మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ది సీస్ వంటి ఓడలో గదికి ఇద్దరి లెక్కన 5,610 మంది, అన్ని పడకలూ నిండితే సుమారు 7,600 మంది పడతారు. అంతమందికీ నీళ్ల అంచున, నీడపట్టున కుర్చీ చూపించగల ఓడ ఏదీ లేదు. అందుకే తెల్లవారకముందే వచ్చి నాలుగైదు కుర్చీల మీద టవళ్లు పరిచి, తీరిగ్గా గదికి వెళ్లి మళ్లీ నిద్రపోయేవారు తయారవుతారు. తెలుగులో కర్చీఫ్ వేయడమని మనం దేనిని అంటామో, ఓడ మీద ఆ పనిని టవల్ చేస్తుంది. ఇటువంటివారికి సాటి ప్రయాణికులు చెయిర్ హాగ్స్ అని పేరు పెట్టారు. హాగ్ అంటే పంది కాబట్టి, ఆ పేరు వెనుక ఎంత కోపం ఉందో వేరే చెప్పనవసరం లేదు.

ముందుగా నియమం ఏమిటో తెలుసుకోవాలి. పూల్ చుట్టూ ఉన్న ఉచిత కుర్చీలు ముందు వచ్చి కూర్చున్నవారివి. వాటిని ముందుగా పట్టి ఉంచే హక్కు ఎవరికీ లేదని పెద్ద క్రూయిజ్ కంపెనీలన్నీ దాదాపు ఒకే మాటగా చెబుతాయి. తేడా అంతా, మనిషి లేని కుర్చీని ఎంతసేపు సహిస్తారన్న దగ్గరే వస్తుంది. రాయల్ కరీబియన్ ఓడల్లో 30 నిమిషాలు, కార్నివాల్ ఓడల్లో 40 నిమిషాలు, నార్వేజియన్ ఓడల్లో 45 నిమిషాలు గడువుగా చెబుతూ వచ్చారు. కొన్ని ఓడల్లో డెక్ సిబ్బంది వరుసల వెంట నడుస్తూ, మనిషి లేకుండా సామాను మాత్రమే ఉన్న కుర్చీకి సమయం రాసిన స్టిక్కర్ అంటిస్తారు. గడువు దాటాక మళ్లీ వచ్చినప్పుడు స్టిక్కర్ అలాగే ఉంటే, సామాను తీసి టవళ్లు ఇచ్చే కౌంటర్ దగ్గర భద్రపరిచి, కుర్చీని వేరేవారికి వదిలిపెడతారు. గడువులు మారుతుంటాయి కాబట్టి, ఓడ ఎక్కిన సాయంత్రమే ఆ కంపెనీ యాప్‌లోనో, గదికి వచ్చే దినచర్య పత్రంలోనో, పూల్ దగ్గరి బోర్డు మీదో ప్రస్తుత నియమాన్ని చదువుకోవడం మంచిది. నియమం రాసి ఉన్నంత మాత్రాన ప్రతి ఓడలోనూ ప్రతి ఉదయమూ కచ్చితంగా అమలవుతుందని అనుకోకూడదు. సిబ్బంది తక్కువగా ఉన్నప్పుడు, మేనేజరు మెతకగా ఉన్నప్పుడు టవళ్లు మధ్యాహ్నం దాకా ఎండుతూనే ఉంటాయి.

నియమం కచ్చితంగా అమలయ్యే ఓడ ఎలా ఉంటుందో నాకు నా తప్పు వల్లే తెలిసింది. ఒక సీ డే ఉదయం ఆరున్నరకు వెళ్లి రెండు కుర్చీల మీద టవళ్లు పరిచి, ఒకదాని మీద నా చెప్పులు, ఇంకొకదాని మీద మా ఆవిడ చదువుతున్న నవల పెట్టి, టిఫిన్‌కు వెళ్లాము. అక్కడ కబుర్లలో పడి తిరిగి వచ్చేసరికి ఎనిమిదీ ముప్పావు అయింది. మా కుర్చీల్లో ఒక వృద్ధ దంపతులు నిశ్చింతగా పడుకుని ఉన్నారు. కోపంతో కౌంటరుకు వెళ్తే, అక్కడి కుర్రవాడు ఏమీ మాట్లాడకుండా ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ సంచీ ముందు పెట్టాడు. సంచీకి అంటించిన పసుపు స్టిక్కర్ మీద నీలి సిరాతో 6:55 అని, దాని కింద 7:50 అని రెండు సమయాలు రాసి ఉన్నాయి. రెండో అంకె తడి వేలు తగిలి కొంచెం అలుక్కుపోయింది. సంచీలో చెప్పులు, నవల ఉన్నాయి గానీ నవలలో పెట్టిన గుర్తు మాత్రం జారిపోయింది. మూడు వందల పేజీల నవలలో ఎక్కడ ఆపిందో వెతుక్కోవలసి వచ్చినందుకు మా ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయడం లేదు. నేను నోరు తెరిచి వాదించడానికి ఆ రెండు అంకెల మధ్య చోటు లేదు.

కుర్చీ గురించి ఇంత పంతం ఎందుకో అర్థం కావాలంటే పాత రోజులు కాస్త గుర్తు చేసుకోవాలి. అట్లాంటిక్ దాటించే పాత ఓడల్లో డెక్ కుర్చీ ఉచితం కాదు. 1912లో వైట్ స్టార్ లైన్ ఓడల్లో, టైటానిక్‌లో కూడా, ప్రయాణం మొత్తానికి కుర్చీ అద్దె నాలుగు షిల్లింగులు లేదా ఒక డాలరు. కాళ్ల మీద కప్పుకునే రగ్గుకు అద్దె వేరు. డెక్ మీద సేవలందించే స్టూవర్డు కుర్చీకి పేరు చీటీ తగిలించేవాడు, ఆ కుర్చీ గమ్యం రేవు చేరేదాకా ఆ పేరు గలవారిదే. ఖాళీగా ఉన్నా ఇంకొకరు కూర్చునేవారు కారు. ఇప్పుడు డబ్బు కట్టి తీసుకునే క్యాబానాలు, అంటే నీడ ఉన్న ప్రత్యేక విశ్రాంతి గూళ్లు, పెద్దలకు మాత్రమే ప్రవేశం ఉన్న రుసుము డెక్‌లు ఆ పాత పద్ధతికి వారసులు. మిగతా డెక్ మీద చీటీ పోయింది, చీటీ ఇచ్చే హక్కు కూడా దానితోపాటే పోయింది; టవల్ పరిచేవారు ఆ రెండో సంగతిని మరచిపోతారు.

కుర్చీ కావలసినవారు పాటించవలసిన మొదటి జాగ్రత్త, ఎంతమంది వచ్చారో అన్ని కుర్చీలే తీసుకోవడం. వెనుక వస్తారన్న పిల్లల పేరున, ఇంకా నిద్ర లేవని బంధువుల పేరున కుర్చీలు పట్టకూడదు. నలుగురి కుటుంబానికి రెండు కుర్చీలు దొరికితే వంతులవారీగా కూర్చోవచ్చు, ఎలాగూ ఇద్దరు నీళ్లలోనే ఉంటారు. కూర్చున్నాక మరుగుదొడ్డికో, ఐస్‌క్రీముకో, ఒకసారి నీళ్లలో మునకకో లేచి వెళ్లడం తప్పు కాదు. దానిని ఎవరూ కబ్జా అనరు. పక్క కుర్చీలోనివారితో ఒక మాట చెప్పి వెళితే ఇంకా మంచిది. కూర్చుని చేసే భోజనానికి, ఆటల పోటీకి, షాపింగుకు వెళ్లేటప్పుడు మాత్రం సామాను సర్దుకుని కుర్చీని వదిలిపెట్టడమే మర్యాద. అరగంటలో తిరిగి రాలేమని తెలిసి కూడా టవల్ వదిలి వెళ్లడాన్ని పొరపాటు అనలేము, అది లెక్క వేసుకుని చేసిన పని.

లేచి వెళ్లేటప్పుడు కుర్చీ మీద ఏమి వదలాలన్నది ఇంకొక ప్రశ్న. ఫోను, గది తలుపు తెరిచే కార్డు, కళ్లజోడు, మందులు టవల్ మడతలో దాచి వెళ్లకూడదు. ఆ కార్డే ఓడలో మీ గుర్తింపు, మీ ఖాతా. అది పోతే తలుపు తెరుచుకోదు, దొరికినవారు మీ పేరున ఖర్చు పెట్టే ప్రమాదమూ ఉంది. గాలి సంగతి కూడా మరువకూడదు. 20 నాట్ల వేగంతో, అంటే గంటకు సుమారు 37 కిలోమీటర్ల వేగంతో సాగే ఓడ మీద, చుట్టూ గాలి లేకపోయినా తెరిచిన డెక్ మీద ఎదురుగాలి ఉంటుంది. దానికి తేలికపాటి టవల్, టోపీ, కాగితం ఏదైనా క్షణంలో రెయిలింగ్ దాటుతాయి. రెండు గట్టి క్లిప్పులు వెంట తీసుకువెళ్తే ఆ బెంగ ఉండదు. టవల్ ఎగిరిపోతే మీ ఖాతాలో డబ్బు పడవచ్చు కూడా: చాలా ఓడల్లో టవళ్లను కార్డు మీద నమోదు చేసి ఇస్తారు, తిరిగి ఇవ్వని ఒక్కో టవల్‌కు 20 డాలర్లకు పైగా వసూలు చేసే కంపెనీలు ఉన్నాయి. రుజువు కావలసి వస్తుంది కాబట్టి టవల్ తిరిగి ఇచ్చినప్పుడు నమోదు రద్దు చేశారో లేదో అక్కడే చూసుకోవాలి.

ఇక అసలు చిక్కు, ఎదుటివారి టవల్ పరిచి ఉన్న కుర్చీ దగ్గర మీరు నిలబడినప్పుడు వస్తుంది. చుట్టూ ముప్పై కుర్చీలు, అన్నిటి మీదా టవళ్లు, మనుషులు మాత్రం పది మందే. చేత్తో ఆ టవల్ తీసి పక్కన పడేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. అది చేయకండి. మీరు తాకిన సామానులో ఉంగరమో, ఫోనో పోయిందని వాళ్లు అంటే, పోలేదని నిరూపించే భారం మీ నెత్తిన పడుతుంది. ముందుగా పక్కనున్నవారిని అడగాలి: “ఏమండీ, ఈ కుర్చీలవాళ్లు ఇప్పుడే లేచారా, చాలాసేపయిందా?” అంటే చాలు, వాళ్లకు తెలిసింది చెబుతారు. చాలాసేపయిందంటే డెక్ సిబ్బందిని పిలిచి, ఏ కుర్చీ, ఎంతసేపటి నుంచి ఖాళీగా ఉందో చెప్పి, స్టిక్కర్ అంటించమని కోరాలి. వాళ్లు సామాను తీసేదాకా అక్కడే కాచుకుని ఉండాలి. సిబ్బంది పట్టించుకోకపోతే గెస్ట్ సర్వీసెస్ కౌంటరుకు చెప్పవచ్చు. టవల్ యజమాని తిరిగి వచ్చి గొంతు పెంచితే మీరు పెంచవద్దు. ప్రవర్తనా నియమాలు ఉల్లంఘించినవారికి కార్నివాల్ కంపెనీ 500 డాలర్ల జరిమానా విధించవచ్చని, అవసరమైతే తర్వాతి రేవులో దించివేయవచ్చని వాళ్ల నిబంధనల్లోనే ఉంది. కుర్చీ మీద మొదలైన మాట చెయ్యి చేసుకోవడం దాకా పోతే, మొదట ఎవరిది తప్పన్నది ఓడ భద్రతా సిబ్బంది పెద్దగా పట్టించుకోరు.

పిల్లలున్నవారు దీనికంటే పెద్ద జాగ్రత్త ఒకటి తీసుకోవాలి. కుర్చీ పోతుందన్న భయంతో తండ్రి కుర్చీకి కాపలా ఉండిపోతే, తల్లి తినడానికి తేవడానికి వెళితే, నీళ్లలో ఉన్న ఆరేళ్ల పిల్లవాడిని చూసేవారు ఉండరు. కొన్ని కంపెనీలు లైఫ్‌గార్డులను పెట్టాయి గానీ, చాలా ఓడల్లో పూల్ దగ్గర ఉండేది లైఫ్‌గార్డు లేడన్న బోర్డు మాత్రమే. మునిగిపోయే పిల్లలు కేకలు వేస్తారని అనుకోవద్దు; చాలాసార్లు చప్పుడు లేకుండానే మునుగుతారు. ఎవరి వంతు ఏ సమయంలో పిల్లలదో, ఎవరి వంతు కుర్చీదో ముందే మాట్లాడుకోవాలి. రెండూ ఒకే మనిషి మీద పడితే కుర్చీని వదిలేయాలి.

ఎండ విషయంలోనూ కుర్చీ మనిషిని మోసం చేస్తుంది. సముద్రపు గాలి చర్మానికి చల్లగా తగులుతుంటే కాలుతున్నది తెలియదు. పట్టి ఉంచుకున్న కుర్చీ కదా అని పదింటి నుంచి నాలుగింటి దాకా అందులోనే పడుకునేవారు సాయంత్రానికి వీపు ఆనించలేరు. కనీసం 30 ఎస్పీఎఫ్ ఉన్న సన్‌స్క్రీన్‌ను రెండు గంటలకొకసారి, నీళ్లలోంచి లేచిన ప్రతిసారీ రాసుకోవాలి. ఓడ దిశ మార్చగానే నీడ కూడా పక్కకు పోతుందని మరువకూడదు. ఉదయం నీడలో ఉన్న కుర్చీ పదకొండుకు ఎర్రటి ఎండలో ఉండవచ్చు. అటువంటి కుర్చీ కోసం అయిదింటికే లేవడం వృథా శ్రమ.

పూల్ అంచున చోటు లేదంటే ఓడలోనే చోటు లేదని అర్థం కాదు. వెనుక భాగంలోని డెక్‌లు, పై డెక్‌లలో నడక దారి పక్కన, ఓడ పక్కల వెంట నడవడానికి ఉండే ప్రొమెనాడ్ డెక్ మీద కుర్చీలు సీ డే నాడు కూడా ఖాళీగా కనిపిస్తాయి. అక్కడ సంగీతం వినిపించదు, కెరటాల చప్పుడు వినిపిస్తుంది. నాకైతే ఇదే ఎక్కువ ఇష్టం. పూల్ దగ్గరే కావాలనుకునేవారు తొమ్మిదిలోపు వెళ్లి నిజంగా కూర్చోవాలి, లేదా జనం భోజనానికి లేచే ఒంటిగంట వేళ ప్రయత్నించాలి. రేవు ఉన్న రోజున ఊరు చూసే ఆసక్తి లేనివారికి డెక్ అంతా సొంతమే. వంద శాతం కుర్చీ ఖాయం కావాలంటే క్యాబానా తీసుకోవచ్చు. అవి త్వరగా అయిపోతాయి కాబట్టి ఓడ ఎక్కకముందే యాప్‌లో చూసుకోవాలి. నాటకశాలలో ముందు వరుసలు పట్టి ఉంచేవారికి కూడా ఈ నియమాలన్నీ వర్తిస్తాయి, అక్కడ టవల్‌కు బదులు స్వెట్టర్ ఉంటుంది, అంతే.

కుర్చీని వదిలి వెళ్లేటప్పుడు తడి టవల్‌ను బుట్టలో వేసి, గ్లాసులు తీసి, వెనక్కి వాల్చిన కుర్చీ వీపును నిటారుగా లేపి వెళ్లండి. ఖాళీ కుర్చీ ఖాళీదని దూరం నుంచే తెలియాలి. లేకపోతే వెనుక వచ్చేవారు మీ తడి టవల్ చూసి, మీరు తిరిగి వస్తారని అరగంట నిలబడతారు.