కొండ మీద ఫోన్ చేతిలో ఉండదు: కారు పోకుండా ఏం చేయాలంటే

తిరుపతిలో కారు ఎలక్ట్రీషియన్ని. రేణిగుంట రోడ్డులో చిన్న షాపు. వైరింగ్, సెల్ఫ్ మోటారు, సెంట్రల్ లాకింగ్, ఏసీ, ఏ పనికి వచ్చినవాళ్లయినా బిల్లు కట్టేటప్పుడు అడిగేది ఒకటే: "అన్నా, కారు ఎవరూ ఎత్తుకుపోకుండా మంచి జీపీఎస్ ఏదైనా ఉంటే పెట్టు." పెడతాను. కాకపోతే ముందు నేనొకటి అడుగుతాను: "దర్శనానికి పోయినప్పుడు నీ ఫోన్ ఎక్కడుంటుంది?"

గుళ్లోకి ఫోన్ రానివ్వరు కదా. క్యూలోకి పోయే ముందే డిపాజిట్ చేసేయాలి. మీరు కంపార్ట్‌మెంట్లో గంటలు గంటలు కూర్చుంటారు. అలిపిరిలో పెట్టిన కారు కదిలితే మెసేజ్ వస్తుంది, కానీ అది కౌంటర్లో పడున్న ఫోన్‌కి వస్తుంది. మీరు లడ్డూలు తీసుకుని ఫోన్ ఆన్ చేసే సరికి కారు పుత్తూరు, నగరి దాటి తమిళనాడులో ఉండొచ్చు. లేదంటే పలమనేరు మీదుగా కర్ణాటకలోకి పోయుండొచ్చు. మన ఊరికి రెండు రాష్ట్రాలూ దగ్గరే, దొంగకు అదో సౌకర్యం.

జీపీఎస్ పోయిన కారును వెతుక్కోవడానికి పనికొస్తుంది. పోకుండా ఆపేది వేరే. డబ్బు తక్కువుంటే ముందు ఆపేదాని మీద పెట్టండి.

ఇనుప తాళాలు

గేర్ లాక్ అంటే ఇప్పటి కుర్రాళ్లకు నామోషీ. నాకు మాత్రం అదే ఇష్టం. మాన్యువల్ కారైతే రివర్స్‌లో వేసి తాళం వేస్తే, ఇంజన్ స్టార్ట్ అయినా కారు ముందుకు పోదు. దీన్ని బాడీకి బిగించే బోల్టుల తలలు బిగించాక విరిగిపోయేలా ఉంటాయి, మామూలు పానాతో విప్పడం కుదరదు. ఫిట్టింగ్ చేసేవాడు మామూలు బోల్టులు వేస్తుంటే ఒప్పుకోవద్దు. అవి వేస్తే తాళం ఉన్నా లేనట్టే.

స్టీరింగ్ రాడ్ అంత గట్టిది కాదు. స్టీరింగ్ చక్రాన్నే కోసి రాడ్ తీసేసేవాళ్లున్నారు. అయినా పెట్టమంటాను, ఎందుకంటే అది అద్దంలోంచి కనిపిస్తుంది. పక్కపక్కన రెండు కార్లుంటే దొంగ రాడ్ లేని దాని వైపు పోతాడు. పక్క కారు ఆయన ఏమైపోతాడంటే నా దగ్గర జవాబు లేదు, ఆయన్ని కూడా ఒకటి కొనుక్కోమనండి. వారాల తరబడి కారు తీయని వాళ్లు టైరుకు క్లాంప్ కూడా వేసుకోవచ్చు. రోజూ తీసే కారుకు వద్దు. రెండో వారం నుంచి ఎవరూ వెయ్యరు, డిక్కీలో పడి మోగుతూ ఉంటుంది.

కటాఫ్ స్విచ్

ఇది నా పని కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను. ఇంజన్ స్టార్ట్ కావడానికి కావాల్సిన ఒక సర్క్యూట్‌ను మధ్యలో తెంపి, కనపడని చోట చిన్న స్విచ్ పెడతాం. స్విచ్ వేస్తేనే కారు స్టార్ట్. దొంగ కొత్త కీ చేయించుకొచ్చినా, అసలు కీ కాకపోతే ఇంజన్ స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్‌ను మోసం చేసినా ఇక్కడ ఆగిపోతాడు. బ్యాటరీ డౌన్ అయిందా, ఇంకేమైనా పోయిందా అని వెతుక్కుంటూ కూర్చోవాలి. నడి వీధిలో బానెట్ తెరిచి వెతికేంత తీరిక దొంగకు ఉండదు.

ఎక్కడ తెంపాలన్నదే ముఖ్యం. చాలామంది ఫ్యూయల్ పంప్ రిలే (కరెంటును కలిపి తెంపే చిన్న డబ్బా) దగ్గర తెంపుతారు. నేను స్టార్టర్, అంటే సెల్ఫ్ మోటారు, రిలే లైన్‌లో చేస్తాను. పంప్ లైన్‌లో పెట్టిన స్విచ్ వదులై రోడ్డు మీద కాంటాక్ట్ పోతే, కారు నడుస్తుండగానే ఇంజన్ ఆగిపోతుంది. ఇంజన్ ఆగితే పవర్ స్టీరింగ్ సాయం పోతుంది, బ్రేక్ బూస్టర్ సాయం కూడా రెండు మూడు తొక్కుళ్లకే అయిపోయి పెడల్ బిగుసుకుపోతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు అలా జరిగితే ఎట్లుంటుందో ఆలోచించండి. స్టార్టర్ లైన్‌లో అయితే ఆ భయం లేదు. మహా అయితే స్టార్ట్ కాకుండా ఉన్నచోటే నిలబడుతుంది.

ఫోన్ నుంచి ఇంజన్ ఆపే జీపీఎస్‌లకూ ఇదే మాట. కారు పరిగెత్తుతుంటే ఆ బటన్ నొక్కొద్దు. ఆగాక మళ్లీ స్టార్ట్ కాకుండా చేసే సెట్టింగ్ ఉంటే అది పెట్టుకోండి.

వారంటీలో ఉన్న కారైతే వైరు కోయనివ్వద్దు. షోరూం వాళ్లు దాన్ని చూపించి ఎలక్ట్రికల్ వారంటీ వర్తించదు అంటారు. కోయకుండా కప్లర్‌తో (ప్లగ్గులా గుచ్చేది) కలిపే రిలే కిట్లు దొరుకుతాయి, అవి వాడమనండి. స్విచ్ ఎక్కడుందో మీకూ ఇంట్లో ఇంకొకరికీ తెలిస్తే చాలు. కారు కడిగే అబ్బాయికి చూపించి మురిసిపోవద్దు.

బటన్ స్టార్ట్ కార్లు

కీ జేబులో ఉంటే తలుపు తెరుచుకుని, బటన్ నొక్కితే స్టార్ట్ అయ్యే కార్లకు వేరే బెడద ఉంది. కీ నుంచి వచ్చే సిగ్నల్‌ను ఒకడు గోడ అవతల పట్టుకుని, కారు దగ్గరున్న రెండోవాడి మిషన్‌కు అందిస్తాడు. కీ పక్కనే ఉందనుకుని కారు తెరుచుకుంటుంది. అద్దం పగలదు, అలారం మోగదు. బైరాగిపట్టెడ, కొర్లగుంట లాంటి చోట్ల ఇళ్లు రోడ్డుకు ఆనుకునే ఉంటాయి. కారు గేటు బయట, కీ మాత్రం తలుపు పక్కన మేకుకు వేలాడుతుంటుంది. ఆ మేకు మార్చి, కీని లోపలి గదిలో పెట్టండి.

సిగ్నల్ ఆపే పౌచ్‌లు అమ్ముతారు, బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బా కూడా సరిపోవచ్చు. సరిపోతుందో లేదో పరీక్ష చేయాల్సిందే: కీ డబ్బాలో పెట్టి, మూత బిగించి, డబ్బా పట్టుకుని కారు పక్కన నిలబడి హ్యాండిల్ లాగండి. తెరుచుకుంటే ఆ డబ్బాను మళ్లీ పోపులకు వాడుకోండి. పౌచ్ కూడా వాడగా వాడగా లోపలి పొర చిరిగిపోతుంది, అప్పుడప్పుడూ ఇదే పరీక్ష చేస్తుండాలి. రెండో కీని మరిచిపోవద్దు, బీరువాలో ఉన్నా అది సిగ్నల్ ఇస్తూనే ఉంటుంది. కొన్ని కార్లలో కీలెస్ సదుపాయాన్నే ఆపేసుకోవచ్చు, మాన్యువల్ చూడండి.

స్టీరింగ్ కింద, కారు కంప్యూటర్‌కు మిషన్ తగిలించే 16 పిన్నుల ఓబీడీ పోర్టు ఉంటుంది. మేము స్కానర్ పెట్టేది అక్కడే, దొంగ కొత్త కీ ప్రోగ్రామ్ చేసుకునేదీ అక్కడే. దానికి ఇనుప మూత, తాళం దొరుకుతాయి. ఖరీదైన కారైతే వేయించుకోండి.

పార్కింగ్‌లో రిమోట్ నొక్కి వెనక్కి చూడకుండా నడిచిపోయే అలవాటు చాలామందికి ఉంది. దగ్గర్లో ఎవడైనా రిమోట్ సిగ్నల్‌ను అడ్డుకునే జామర్ పట్టుకుని ఉంటే లాక్ కాదు. ఇండికేటర్లు వెలిగాయా చూడండి, హ్యాండిల్ లాగి చూడండి. కీలెస్ కారైతే మీరు లాగితే ఎలాగూ తెరుచుకుంటుంది, కాబట్టి మీరు కీతో దూరంగా నిలబడి ఇంకొకరిని లాగమనండి.

జీపీఎస్ పెట్టుకుంటే

పెట్టుకోవద్దని కాదు నేను చెప్పేది. డ్యాష్‌బోర్డు పైన, అద్దం కింద పెడితే దొంగ మొదట పీకేది దాన్నే. ప్లాస్టిక్ కింద ఎక్కడైనా దాచాలి, పైన ఇనుము ఉంటే సిగ్నల్ అందదు. లోపల సొంత బ్యాటరీ ఉన్నది తీసుకోండి, కారు బ్యాటరీ వైరు తీసేసినా కాసేపు పని చేస్తుంది. చౌకగా వచ్చే కొన్ని పరికరాలు 2జీ మాత్రమే పట్టుకుంటాయి, వాటిలో జియో సిమ్ వేస్తే పని చేయదు. అన్నిటికంటే ఎక్కువగా చూసేది ఏమిటంటే, రీచార్జ్ అయిపోయిన సిమ్. ఏడాది కిందట పెట్టించుకుని, మెషిన్ బండిలో ఉందన్న ధైర్యంతో తిరుగుతుంటారు. ఎల్లో బోర్డు బండ్లకు ఏఐఎస్ 140 అనే ప్రమాణంతో వచ్చే ట్రాకింగ్ పరికరం, ప్యానిక్ బటన్ ఉంటాయి, అవి కూడా నడుస్తున్నాయో లేదో చూసుకోండి.

దర్శనానికి పోయేటప్పుడు యాప్ లాగిన్‌ను కింద ఉండే తమ్ముడికో, బావకో ఇచ్చిపోండి. ఫోన్ చేతిలో ఉన్న మనిషి ఒకరు కింద ఉండాలి.

కారు ఉండి సామాను పోవడం

మొత్తం కారు కంటే భాగాలు అమ్ముకోవడం తేలిక. మారుతి ఈకో ఉన్నవాళ్లు సైలెన్సర్ సంగతి తెలుసుకోవాలి. అందులో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలు ఉంటాయి. ఈకో కింద చోటు ఎక్కువ కాబట్టి నిమిషాల్లో కోసుకుపోతారు, దేశంలో చాలాచోట్ల ఈ కేసులు నమోదయ్యాయి. కింద గ్రిల్ వెల్డింగ్ చేయించండి, గోడకు ఆనించి పార్క్ చేయండి. స్టెప్నీ బయట వేలాడే బండ్లకు గొలుసు తాళం. అలాయ్ వీల్స్‌కు చక్రానికి ఒక లాక్ నట్టు. ఆ నట్టుకు వచ్చే ప్రత్యేకమైన సాకెట్ బండిలోనే పెట్టుకోండి, లేకపోతే దారిలో పంక్చర్ పడినప్పుడు మీరే ఇబ్బంది పడతారు.

అలిపిరి నుంచి నడిచిపోయేవాళ్లు బ్యాగులు సీట్ల మీద పెట్టొద్దు. నడిచేవాళ్ల లగేజీని టీటీడీ వాళ్లే తీసుకుని పైకి చేరుస్తారు. బయటి ఊరి నంబరు, లోపల సూట్‌కేసులు కనిపిస్తే అద్దం పగలగొట్టాలని ఎవడికైనా అనిపిస్తుంది.

కీలు, కాగితాలు

హోటల్లో కీ అడిగితే ఇవ్వక తప్పదు, కానీ ఇంటి తాళాలు తీసేసి ఒక్క కారు కీ ఇవ్వండి. సెకండ్ హ్యాండ్ కారు కొంటే రెండు కీలూ అడగండి. ఒకటే ఇస్తే, పాతవన్నీ మెమరీలోంచి తీసేయించి కొత్తవి ప్రోగ్రామ్ చేయించండి. నంబరు ప్లేటు మామూలు స్క్రూలతో ఉంటే ఎందుకని అడగండి. హై సెక్యూరిటీ ప్లేటుకు ఒకసారి బిగిస్తే విప్పడానికి రాని స్నాప్ లాక్ ఉంటుంది, విప్పాలంటే పగలగొట్టాల్సిందే.

ఒరిజినల్ ఆర్సీ డ్యాష్‌బోర్డులో పెట్టే అలవాటు మానేయండి. డిజిలాకర్‌లోనో, ఎంపరివాహన్‌లోనో చూపించినా చెల్లుతుంది. కారులోనే కాగితాలు దొరికితే దొంగకు అమ్ముకోవడం ఇంకా సులువు. 17 అంకెలు, అక్షరాలు ఉండే చాసిస్ నంబరును ఫోటో తీసి ఇంట్లో పెట్టుకోండి.

థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒక్కటే ఉంటే దొంగతనానికి రూపాయి రాదు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నా ఇచ్చేది ఐడీవీ, అంటే పాలసీలో రాసిన కారు విలువ మాత్రమే. దాన్ని లెక్కకట్టేటప్పుడు కారు ధరలోంచి, ఆరు నెలలు దాటి ఏడాది లోపు కారుకు 15 శాతం, నాలుగేళ్లు దాటి ఐదేళ్ల లోపు కారుకు 50 శాతం తగ్గిస్తారు. కొత్త కారైతే, కొన్న బిల్లు ధర ఇచ్చే రిటర్న్ టు ఇన్‌వాయిస్ కలుపుకోండి. టీ తాగడానికి దిగి కీ కారుకే వదిలేస్తే, క్లెయిమ్ కోతపడొచ్చు, మొత్తానికే పోవచ్చు కూడా.

పోయిందని తెలిస్తే

ముందు 112కు ఫోన్ చేయండి. మన పరిధి కాదని స్టేషన్లో తిప్పి పంపితే ఒప్పుకోవద్దు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) చట్టం 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా సమాచారం ఇవ్వొచ్చు. ఆన్‌లైన్లో ఇస్తే మూడు రోజుల్లో పోయి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. అదే రోజు ఇన్సూరెన్స్ కంపెనీకీ చెప్పండి.

ఫాస్టాగ్‌ను కంగారుగా బ్లాక్ చేయొద్దు. వడమాలపేట టోల్‌లో డబ్బు కట్ అయితే పుత్తూరు వైపు, గాదంకిలో కట్ అయితే చిత్తూరు దారిలో పోతున్నట్టు. ఆ మెసేజ్ పోలీసులకు చూపించండి. జీపీఎస్‌లో కారు ఆగిన చోటు కనిపించినా మీరే బండి వేసుకుని పోవద్దు, లొకేషన్ పోలీసులకు పంపి వాళ్లతో కలిసి పోండి.

ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్లు రెండు కీలూ, ఆర్సీ, ఎఫ్ఐఆర్, ఆ తర్వాత కారు దొరకలేదని పోలీసులు ఇచ్చే రిపోర్టు అడుగుతారు. లోన్ ఉంటే డబ్బు ముందు బ్యాంకుకు పోతుంది. క్లెయిమ్ తీసుకున్నాక కారు దొరికితే అది కంపెనీది. అంతకు ముందే దొరికితే పోలీసులు కోర్టుకు చూపిస్తారు, అక్కడ పిటిషన్ వేసి విడిపించుకోవాలి.

విడిపించుకున్న కారును నేరుగా ఇంటికి తెచ్చి వాడేయొద్దు. పోలీసుల ముందే సీట్ల కింద, స్టెప్నీ గుంటలో, డోర్ ప్యానళ్లలో వెతకండి. మీది కానిది ఏది కనిపించినా తాకకుండా వాళ్లకే చూపించండి. ఆ తర్వాత కీలన్నీ మార్పించి, ఓబీడీలో స్కాన్ చేయించి, దొంగ వైరింగ్‌లో ఎక్కడెక్కడ కోశాడో చూపించుకోండి. చేతికందిన వైరు చుట్టి టేపు వేసి పోతారు, వేడికి అది ఊడి షార్ట్ అయితే కారు కాలిపోతుంది.