మిగలముగ్గిన అరటిపళ్లతో బనానా బ్రెడ్ ఎలా చేయాలి?

శ్రావణమాసం వచ్చిందంటే విజయవాడలో ఇంటింటా అరటిపళ్లే. మంగళవారం నోము, శుక్రవారం పేరంటం, ఎవరింటికి వెళ్లినా తాంబూలంలో రెండు పళ్లు. వాయనంలో వచ్చిన శనగలు ఆ సాయంత్రమే తాలింపు వేసుకుని తినేస్తాం. పళ్లు మాత్రం మిగిలిపోతాయి. ఈ ఉక్కపోతకి రెండు రోజుల్లో మచ్చలు పడి, ఆ తర్వాత తొక్కంతా నల్లబడితే ఇక వాటిని ఎవరూ ముట్టరు. అమ్మవారి ముందు పెట్టిన పండుని చెత్తబుట్టలో వెయ్యడానికి మా అత్తయ్యకి మనసొప్పదు, నాకూ అంతే. అందుకే అవన్నీ మా ఇంట్లో బనానా బ్రెడ్ అయిపోతాయి. గుడ్డు వెయ్యను కాబట్టి పూజల రోజుల్లో కూడా అందరూ తింటారు.

బ్రెడ్ అన్న పేరు చూసి ఈస్ట్, పులియబెట్టడం అని టెన్షన్ పడకండి. అవేవీ ఉండవు. ఇది కేకు లాంటిదే.

అన్నిటికంటే ముందు పళ్ల సంగతి. చాలా వంటకాల్లో ‘మూడు అరటిపళ్లు’ అని రాసి ఉంటుంది. అది పొడుగ్గా, లావుగా ఉండే కావెండిష్ రకం లెక్క, మన బజార్లో పచ్చ అరటి అని అమ్మేది. తాంబూలంలో మనకి వచ్చేవి కర్పూర, చక్రకేళి, అమృతపాణి. ఒక్కోదాని సైజు ఒక్కో రకం. మొదటిసారి నేను మూడు కర్పూర పళ్లు వేస్తే రస్కులా పొడిపొడిగా వచ్చింది. రెండోసారి ఉన్న అమృతపాణి పళ్లన్నీ చిదిమి వేస్తే మధ్యలో హల్వాలా ముద్దగా మిగిలింది. అప్పటినుంచి పళ్లు లెక్కపెట్టడం మానేసి, తొక్క తీసిన గుజ్జుని తూచడం మొదలుపెట్టాను. 300 గ్రాముల గుజ్జు కావాలి. పచ్చ అరటి అయితే దాదాపు మూడు, కర్పూర అయితే ఐదారు పడతాయి.

తొక్క నల్లగా ఉన్నా పరవాలేదు. పండు మాగేకొద్దీ అందులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, అందుకే తీపి, వాసన రెండూ పెరుగుతాయి. ఫ్రిజ్‌లో పెట్టి నల్లబడిన పండు మాత్రం వేరు. చలికి తొక్క నల్లబడుతుందే గానీ లోపల సరిగా మాగదు. బూజు పట్టినా, సారా వాసన వచ్చినా పారెయ్యాల్సిందే.

గుజ్జు కాక 200 గ్రాముల మైదా (సగం గోధుమపిండి వేసుకోవచ్చు), 100 గ్రాముల పంచదార, 80 గ్రాముల గట్టి పెరుగు, 80 మిల్లీలీటర్ల వాసన లేని నూనె, ముప్పావు టీస్పూన్ వంటసోడా, అర టీస్పూన్ బేకింగ్ పౌడర్, పావు టీస్పూన్ ఉప్పు, కాస్త యాలకుల పొడి, గుప్పెడు జీడిపప్పు పలుకులు తీసుకోండి. పంచదార బదులు బెల్లం తురుము వేస్తే రంగు ముదురుతుంది. మా ఇంట్లో అదే ఇష్టం.

పిండి కలపకముందే ఓవెన్‌ని 180 డిగ్రీలకి వేడి చెయ్యండి. అరటి, పెరుగుల పులుపు తగిలిన వెంటనే సోడా పొంగడం మొదలవుతుంది. కలిపి ఉంచి అప్పుడు ఓవెన్ ఆన్ చేస్తే ఆ పొంగు కాస్తా గిన్నెలోనే అయిపోతుంది. 8 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు ఉన్న టిన్నుకి నూనె రాసి బటర్ పేపర్ పరవండి.

ఒక గిన్నెలో గుజ్జుని ఫోర్కుతో చిదిమి పంచదార, పెరుగు, నూనె కలపండి. మిక్సీ వద్దు, చిన్న చిన్న పలుకులు తగిలితేనే రుచి. పొడి సరుకులన్నీ ఇంకో గిన్నెలోకి జల్లించి, తడి మిశ్రమంలో వేసి గరిటెతో కింద నుంచి పైకి తిప్పండి. పొడి పిండి కనిపించకుండా పోయిందా, చెయ్యి ఆపెయ్యండి. గారెల పిండిని గిలక్కొట్టినట్టు కొడితే మైదాలో జిగురు సాగి బ్రెడ్ గట్టిపడుతుంది. ఈ ఒక్క చోట బద్ధకమే మేలు చేస్తుంది. జీడిపప్పు కలిపి టిన్నులోకి వెయ్యండి.

50 నుంచి 60 నిమిషాలు పడుతుంది. చిన్న ఓటీజీల్లో (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్లలో) పై రాడ్డు దగ్గరగా ఉంటుంది కాబట్టి అరగంట తర్వాత పైభాగం ఎర్రబడితే ఫాయిల్ కప్పండి. మధ్యలో సన్నని పుల్ల గుచ్చితే పచ్చి పిండి అంటకూడదు, ఒకటి రెండు తడి తునకలు అంటితే పరవాలేదు.

ఓవెన్ లేనివాళ్లు మూత ఉన్న పాత మందపాటి గిన్నెలో అంగుళం మందాన ఉప్పు పోసి, స్టాండు పెట్టి, మూతేసి మధ్యస్థ మంట మీద పది నిమిషాలు వేడి చెయ్యండి. టిన్ను లోపల పెట్టి మూతేసి సన్న సెగ మీద గంట ఉంచితే సరిపోతుంది. కుక్కర్ వాడితే రబ్బరు, వెయిట్ రెండూ తీసెయ్యడం మర్చిపోకండి, నీళ్లు అసలు పొయ్యకండి. పైభాగం పాలిపోయినట్టు ఉంటుంది, రుచికి లోటుండదు.

టిన్నులోనే పది నిమిషాలు ఉంచి, తర్వాత జల్లెడ బోర్లించి దాని మీద పెట్టి పూర్తిగా ఆరనివ్వండి. వేడి మీద కోస్తే చాకుకి ముద్దలా అంటుకుంటుంది. మా పిల్లలు ఆగరు, కానీ రెండో రోజుకే అరటి వాసన బాగా పట్టి ఇంకా మెత్తబడుతుంది. మన ఊరి గాలిలో తేమకి బయట ఒక రోజుకి మించి ఉంచొద్దు. డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే నాలుగు రోజులు తినొచ్చు. తినేముందు ముక్కని పెనం మీద కాస్త నెయ్యితో కాల్చుకోండి.

ఇంకా పళ్లుంటే తొక్క తీసి, 300 గ్రాముల చొప్పున కవర్లలో కట్టి ఫ్రీజర్లో పడెయ్యండి. కరిగాక కవర్లో నీరు ఊరుతుంది. దాన్ని పారబొయ్యకండి, అది పండు రసమే, గుజ్జుతో పాటే కలిపెయ్యండి.