బెజవాడ నుంచి ఒక్క బస్సు దూరంలో సెలవు గడిపే పద్ధతి

నలుగురున్న కుటుంబం వేసవిలో ఊటీకో మనాలికో వెళ్ళి రావాలంటే రైలు టికెట్లకు, హోటలు గదులకు, అక్కడి కార్లకు కలిపి ఏడాది పొడవునా దాచుకున్న సొమ్ము వారం రోజుల్లో ఖర్చయిపోతుంది. అదే కుటుంబం విజయవాడలో పదేళ్ళుగా ఉంటున్నా, షోకేసులో పెట్టుకున్న కొండపల్లి ఏనుగుకు తొండం ఎలా అతికించారో చూసి ఉండకపోవచ్చు. మా ఇంట్లోనూ చాలాకాలం అదే పరిస్థితి. నాలుగేళ్ళుగా మేము పెద్ద ప్రయాణాలు మానుకొని, ఉదయం బయలుదేరి రాత్రికి ఇల్లు చేరగలిగిన ఊళ్ళకే వెళుతున్నాము. ఆ అనుభవంతో ఈ పద్ధతిని వివరిస్తున్నాను.

అన్నిటికంటే ముందు పాటించవలసిన నియమం, ఒక రోజుకు ఒక్క ఊరు. దగ్గరే కదా అని ఒకే రోజున మూడు ఊళ్ళు పెట్టుకుంటే మూడు చోట్లా దుకాణాలు తప్ప మరేమీ కనిపించవు. రెండవది, పని జరిగే వేళకు చేరుకోవడం. నేను మొదటిసారి కొండపల్లికి భోజనాల వేళ దాటాక వెళ్ళి, మూసిన తలుపులు చూసి తిరిగి వచ్చాను. అప్పటి నుంచి వెళ్ళబోయే చోటికి ముందురోజే ఫోన్ చేసి, పని ఎప్పుడు జరుగుతుందో, వచ్చి చూడవచ్చునో లేదో అడిగి తెలుసుకుంటున్నాను. కార్తీకం నుంచి మాఘం వరకు ఈ తిరుగుడుకు అనువైన కాలం. బస్సు ఖర్చు కూడా భారం కాదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కాబట్టి, గుర్తింపు కార్డు మాత్రం మరచిపోకూడదు.

మొదటి రోజుకు కొండపల్లిని ఎంచుకోండి. కోట తెరిచే వేళకే చేరుకొని ముందు కోట ఎక్కాలి, ఎందుకంటే ఎండ ముదిరితే రాళ్ళు వేడెక్కి పిల్లలు అలసిపోతారు. రెడ్డి రాజుల కాలంలో, 14వ శతాబ్దిలో కట్టిన ఈ కోట తరువాత గజపతుల చేతికి, శ్రీకృష్ణదేవరాయల చేతికి, గోల్కొండ పాలకుల చేతికి మారింది. మనిషికి ఒక లీటరు నీళ్ళు, పొట్లం కట్టిన పులిహోర ఉంటే చాలు. దిగి వచ్చాక బొమ్మలు చేసే వీధికి నడవండి. బొమ్మకు వాడేది తెల్ల పొణికి కర్ర. చేతిలోకి తీసుకుంటే ఎంత తేలికగా ఉంటుందో పిల్లలను పట్టుకొని చూడనివ్వండి. ఎడ్లబండి బొమ్మలో ఎద్దు ఒకే ముక్క కాదు, కాళ్ళు, కొమ్ములు, తోక వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతికిస్తారు. అతుకు మీద అదే మక్కును వేలితో పులిమి, ఆరాక ఆకురాయితో రుద్ది, సున్నం పూత వేసి, ఆ తరువాతే రంగు అద్దుతారు. మేము వెళ్ళిన ఇంట్లో ఒక పెద్దావిడ అరచేయంత ఏనుగుకు కన్ను దిద్దుతున్నారు. కుంచె కొనను ఒకసారి రంగులో ముంచి, అంచుకు ఒత్తి అదనపు రంగు దులిపి, ఊపిరి బిగబట్టి ఒక్క చుక్క పెట్టారు. అంతవరకు కర్రముక్కగా ఉన్నది ఆ చుక్కతో మనవైపు చూసింది. మా అమ్మాయి అప్పటి నుంచి ఇంట్లో ఉన్న బొమ్మలన్నిటి కళ్ళూ పరీక్షిస్తోంది. ఎవరి పని చూశారో వారి దగ్గరే ఒక చిన్న బొమ్మయినా కొనండి, బేరం చేయకండి. ఒక పూట పని ఆపి మీకు చూపించిన మనిషి దగ్గర ఇరవై రూపాయలు తగ్గించుకోవడం నాకు న్యాయంగా తోచదు.

రెండవ ప్రయాణం పెడనకు. గుడివాడ మీదుగా మచిలీపట్నం వెళ్ళే రైలు పెడనలో ఆగుతుంది. అచ్చు కలంకారీ ఇక్కడి పని. నేత బట్టను ముందు కరక్కాయ ద్రావణంలో ముంచి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో కొన్నాళ్ళు నానబెట్టి తీసిన ద్రావణాన్ని టేకు అచ్చుతో ఆ బట్టపై ఒత్తితే, కరక్కాయ తగిలిన చోట అది నల్లగా తిరుగుతుంది. పటిక కలిపిన అచ్చు మాత్రం అప్పటికి వెలవెలబోయినట్లు ఉండి, రంగుచెక్కలతో కలిపి రాగి కాగులో ఉడికించాక ఎర్రబడుతుంది. దీనిని వర్ణించడం కంటే అచ్చు వేసేవారి పక్కన పది నిమిషాలు నిలబడి చూడడం మేలు. అచ్చు మీద పిడికిలితో కొట్టే చప్పుడు ఒక తాళంలా సాగుతుంది. కొనేటప్పుడు రసాయన రంగులా, సహజ రంగులా అని నేరుగా అడగండి, ఎందుకంటే రెండూ అమ్ముతారు. చేత్తో అచ్చు వేసిన బట్టను దగ్గరగా చూస్తే, ఒక అచ్చు ముగిసి మరొకటి మొదలైన చోట గీతలు వెంట్రుకవాసి ఎడమయ్యో, ఒకదానిపై ఒకటి ఎక్కో కనిపిస్తాయి. స్క్రీన్ ప్రింటింగ్‌తో వేసిన బట్టలో ఆ అతుకులు ఉండవు. అక్కడి నుంచి బందరు (మచిలీపట్నం) దగ్గరే కాబట్టి, 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బందరు లడ్డు అక్కడే తినాలి. శనగపిండితో వండిన పూసను దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి, నెయ్యి పోస్తూ మళ్ళీ దంచుతారు కాబట్టి దానికి తొక్కుడు లడ్డు అన్న పేరు వచ్చింది. నోట్లో పెట్టుకొని నమలకుండా ఉంచితే ఆ దంచిన పనితనం తెలుస్తుంది.

మూడవది కూచిపూడి. పామర్రు దాటి చల్లపల్లి దారిలో ఉన్న ఈ పల్లెకు ఏదైనా ప్రదర్శన ఉన్న రోజు చూసుకొని వెళ్ళాలి, లేకపోతే రామలింగేశ్వరాలయం చూసి తిరిగి రావలసి వస్తుంది. సత్యభామ అలకను ఆడి చూపే భామాకలాపం చూసే అవకాశం వస్తే, ప్రవేశ ఘట్టానికి ముందే కూర్చోండి. సత్యభామ తెర వెనుకే ఉండి, తన జడను తెర మీదుగా బయటకు వేసి సవాలు చేయడం పాత సంప్రదాయం. స్త్రీ వేషంలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు ప్రసిద్ధులైనదీ ఈ పాత్రతోనే. ఆటకు వెళ్ళే ముందు పిల్లలకు పారిజాతం కథ చెప్పండి, అప్పుడు భాష పూర్తిగా అందకపోయినా అలక అర్థమవుతుంది. అక్కడికి దగ్గరలోనే జాతీయ పతాకాన్ని రూపొందించిన పింగళి వెంకయ్య గారి జన్మస్థలం భట్లపెనుమర్రు ఉంది.

బయటికి వెళ్ళడం కుదరని వారాలకు నగరమే ఉంది. దినపత్రిక జిల్లా పేజీలో వచ్చే ‘నేటి కార్యక్రమాలు’ శీర్షికను రోజూ చదివితే, తుమ్మలపల్లి కళాక్షేత్రం వంటి చోట్ల ప్రవేశ రుసుము లేని నాటకాలు, కచేరీలు తరచుగా కనిపిస్తాయి. పెసరట్టు మాత్రం ఇంట్లోనే చేసుకోండి. రాత్రి నానబెట్టిన పొట్టు పెసలను అల్లం, పచ్చిమిరపతో రుబ్బి, పులియనివ్వకుండా వెంటనే పెనం మీద పలుచగా పరచి, ఉప్మా పెట్టి మడిచి, అల్లం పచ్చడితో తినాలి. అది తిని పొద్దున్నే 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లికి వెళితే, కొండను తొలిచి నాలుగు అంతస్తులుగా మలచిన గుహలలో, శేషుని మీద పవళించిన అనంతపద్మనాభుడి ముందు కాసేపు చల్లగా కూర్చోవచ్చు. టార్చిలైటు తీసుకువెళ్ళండి, ఎందుకంటే స్వామి పాదాల నుంచి శిరస్సు వరకు వెలుగును మెల్లగా జరుపుతూ చూస్తేనే ఆ విగ్రహం ఎంత పొడవో పిల్లలకు తెలుస్తుంది.