సలహాలు చదవడం ఆపి పని మొదలుపెట్టగలిగాను: నా అనుభవం

పని ముందుకు రాగానే "వాయిదా వేయడం మానడం ఎలా" అని ఇంటర్నెట్‌లో వెతికేవాణ్ణి. రెండు గంటలు చదివాక ఏదో సాధించినట్టే ఉండేది, పని మాత్రం కదిలేది కాదు. యాప్‌లు, టైమ్‌టేబుళ్లు, తెల్లవారుజామున లేవడం, 25 నిమిషాలు పని, కాసేపు విరామం అనే పొమొడోరో టైమర్, ఏదీ వారం దాటలేదు.

చివరికి దాచుకున్న లింకులన్నీ తీసేశాను. ఒక్క సలహానే ఉంచుకున్నాను. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ ప్రతిపాదించిన "ఇది జరగగానే అది చేస్తాను" పద్ధతి. మొదట "రేపు రిపోర్టు రాస్తాను" అని రాసుకున్నాను, పనిచేయలేదు. తర్వాత "స్నానం కాగానే బల్ల దగ్గర కూర్చుని, ఫైల్ తెరిచి, ఒక్క వాక్యం రాస్తాను" అని మార్చాను. ఎప్పుడు, ఎక్కడ, మొదట ఏం చేయాలి, ఈ మూడూ ఉన్నాకే కదలిక వచ్చింది. ఆ వాక్యం రాసుకున్న కాగితం బల్ల మీదే ఉంచాను.

ఇప్పుడు కొత్త సలహా కనిపిస్తే ఒకటే చూస్తాను: పది నిమిషాల్లో చేసి చూడగలిగే పని అందులో ఉందా? లేకపోతే మూసేస్తాను. ఉంటే రాసిపెట్టి ఆదివారం తెరుస్తాను.

ఈ పద్ధతి నాలుగు నెలలుగా నాకు నిలిచింది. నావి ఎక్కువగా రాత పనులు, మిగతావాటికి ఎలా ఉంటుందో చెప్పలేను. తీవ్రమైన టెన్షన్, డిప్రెషన్ ఉన్నవాళ్లకు ఇది చాలకపోవచ్చు, డాక్టర్‌తో మాట్లాడండి.