ఆకులో పిండిపదార్థ పరీక్షకు ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

కిరణజన్య సంయోగక్రియ పాఠంలో భాగంగా పిల్లలు చేసే ఈ ప్రయోగంలో అసలు ప్రమాదం పిండిపదార్థాన్ని గుర్తించడానికి వాడే అయోడిన్‌తో కాదు, ఆకులోని పత్రహరితాన్ని తొలగించడానికి వాడే స్పిరిట్‌తో ఉంటుంది.

స్పిరిట్‌లో ఉండే ఇథనాల్ సుమారు 78 డిగ్రీల సెల్సియస్ వద్దే మరుగుతుంది, దాని ఆవిరి సులభంగా అంటుకుంటుంది. కాబట్టి స్పిరిట్ ఉన్న పరీక్షనాళికను ఎన్నడూ నేరుగా మంటపై పెట్టకూడదు. ముందుగా బీకరులో నీటిని మరిగించి, సారాయి దీపాన్ని మూతతో ఆర్పిన తరువాతే, ఆకునూ స్పిరిట్‌నూ ఉంచిన పరీక్షనాళికను ఆ వేడినీటిలో నిలపాలి. స్పిరిట్ సీసాను మూత బిగించి దూరపు బల్లపై ఉంచాలి. స్పిరిట్ మంట పగటి వెలుగులో సరిగా కనిపించదు గనుక, మంట లేదని కంటిచూపుతోనే తేల్చుకోరాదు. దీపం వేడిగా ఉండగా అందులో మళ్లీ స్పిరిట్ పోయరాదు.

కిటికీలు తెరిచి ఉన్నాయో లేదో, జడలు, చున్నీలు వెనక్కి కట్టి ఉన్నాయో లేదో, రక్షణ కళ్లద్దాలు అందరికీ అందాయో లేదో ఉపాధ్యాయులు స్వయంగా చూడాలి. తడిగుడ్డ, ఇసుక బకెట్ చేతికందే చోట ఉండాలి.

మొక్కను రెండు మూడు రోజులు చీకటిలో ఉంచకపోతే ఆకులో ముందే నిల్వ ఉన్న పిండిపదార్థం ఫలితాన్ని తారుమారు చేస్తుంది. మందార వంటి పలుచని ఆకు మేలు. స్పిరిట్‌లోంచి తీసిన ఆకు పెళుసుగా ఉంటుంది కాబట్టి గోరువెచ్చని నీటిలో ముంచి, ఆ తరువాతే పలుచని అయోడిన్ చుక్కలు వేయాలి.